ఐదు పాయింట్ నాలుగు

ఒక కంప్యూటర్‌ను తొందరపెట్టడం కోసం నా భార్యను ఇరవై రెండు రోజులు ఆగమన్నారు. ఆమె ఇరవై ఒక్క రోజులు ఆగింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఎట్లా జరిగిందో మాత్రం చెబుతాను.

నేను మోటార్లకు వైండింగ్ కట్టేవాణ్ణి. మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటారు కాలిపోతే నా దగ్గరికి తెస్తారు. విప్పితే వచ్చే వాసనను బట్టి ఎందుకు కాలిందో చెప్పగలను. చాలాసార్లు తప్పు మోటారుది కాదు. దాని చేత చేయించకూడని పని ఎవడో చేయించి ఉంటాడు.

నా భార్య సుంకులమ్మకు గుండెలో ఒక కవాటం పాడయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. జిల్లా ఆస్పత్రిలో నాలుగో వార్డులో చేర్చాను. గుండె డాక్టరు చూసి, కవాటం మార్చాలి, అది ఇక్కడ కాదు, నగరంలో పెద్దాస్పత్రిలో చేస్తారు, మూడు వారాల్లోపు జరగాలి అన్నాడు. ప్రభుత్వ పథకం ఉంది. జిల్లా ఆస్పత్రి అనుమతుల విభాగం ఒక కాగితం ఇస్తే చాలు, పెద్దాస్పత్రివాళ్లు చేర్చుకుంటారు. రెండు రోజుల పని అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు సర్క్యులర్ సంగతి తెలియదు.

అనుమతుల విభాగం అంటే ఒక గది, ఒక కంప్యూటర్, దాని ముందు సరోజినమ్మ అనే గుమాస్తా. నేను దరఖాస్తు పట్టుకుని వెళ్లిన రోజు కంప్యూటర్‌కు బంతిపూల దండ వేసి ఉంది. బొట్టు పెట్టి ఉంది. గోడకు ‘వేగవర్ధన మహోద్యమం’ అని బ్యానరు కట్టి ఉంది. సరోజినమ్మ కుర్చీలో కాక పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. దరఖాస్తు తీసుకుని ఒకటో నంబరు వేసింది. ఉద్యమం మొదలయ్యాక వచ్చిన మొదటి దరఖాస్తు నాదేనట. కాగితం ఎప్పుడు వస్తుందని అడిగితే గోడకు అంటించిన సర్క్యులర్ చూపించింది. చదివాను. ఇప్పటికీ కంఠతా వచ్చు.

“పరిపాలనా వేగమునకు మూలాధారము ప్రాసెసర్ వేగమే గనుక, జిల్లాలోని ప్రతి కార్యాలయ కంప్యూటర్ యొక్క ప్రాసెసర్ వేగమును ఐదు గిగాహెర్ట్జ్‌లకు తగ్గకుండా పెంచవలెను. పెంచిన పిమ్మట డెబ్బై రెండు గంటల అవిచ్ఛిన్న స్థిరత్వ పరీక్ష జరుపవలెను. పరీక్షా కాలమందు సదరు కంప్యూటర్‌పై ఎట్టి ప్రభుత్వ కార్యమును చేయరాదు. అట్టి కార్యము పరీక్షకు విఘాతము కలిగించును. స్థిరత్వ ధ్రువీకరణ పొందని కంప్యూటర్ ద్వారా జారీ అయిన పత్రములు చెల్లనేరవు.”

ప్రాసెసర్ అంటే కంప్యూటర్ లోపల లెక్కలు చేసే బిళ్ల. గిగాహెర్ట్జ్ అంటే దాని వేగాన్ని కొలిచే కొలత. కంపెనీవాళ్లు దాన్ని ఫలానా వేగంతో నడవమని తయారుచేసి పంపుతారు. అంతకన్నా వేగంగా కూడా నడిపించవచ్చు. దానికి కరెంటు ఎక్కువ ఇవ్వాలి, పుట్టే వేడిని ఎప్పటికప్పుడు లాగెయ్యాలి. కంప్యూటర్ మీద ఆటలాడేవాళ్లు సరదాకి ఇళ్లలో ఇట్లా చేసుకుంటారట. మా జిల్లాలో పరిపాలన కోసం చేశారు.

ఈ పని మీద ఒక అధికారిని వేశారు. జిల్లా వేగవర్ధన సమన్వయాధికారి చక్రధరరావు. అంతకుముందు ఆయన మత్స్యశాఖలో ఉండేవాడు. మెడలో రెండు గుర్తింపు కార్డులు ఉండేవి, ఒకటి పాత వేగానిది, ఒకటి కొత్త వేగానిది అని నేననుకున్నాను. మనిషి మంచివాడు. ఎప్పుడూ నన్ను గారూ అనే పిలిచాడు.

వేగం పెంచడానికి బస్టాండు ఎదురుగా కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్‌వలీని పిలిపించారు. నేను చూసినవాళ్లలో పని తెలిసినవాడు అతనొక్కడే. పెట్టె విప్పి, దుమ్ము తుడిచి, కాసేపు చూసి, ముందుగా ఒక మాట చెప్పాడు.

“సార్, ఈ ఫారం కొట్టేదానికి మేడమ్‌కు ఆరు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత కంప్యూటర్ చేసే పని ఒక్క సెకను. ఆ సెకనును ముక్కాలు సెకను చేసిపెడతా. మీకు కావాల్సింది అదేనా?”

చక్రధరరావు అదేనన్నాడు. పావు సెకను ఆదా అనేది రాష్ట్రమంతటికీ లెక్కగడితే ఎంతవుతుందో ఆలోచించమన్నాడు. మస్తాన్ ఆలోచించకుండా పనిలోకి దిగాడు.

అతను చేసిన తీరు నాకు నచ్చింది. ఒక మెట్టు పెంచడం, పరీక్ష పెట్టి గంటసేపు చూడడం, నిలబడితే ఇంకో మెట్టు. పడిపోతే ఒక మెట్టు దిగడం. మూడు పాయింట్ ఆరు నుంచి మొదలుపెట్టి రెండో రోజు సాయంత్రానికి నాలుగు పాయింట్ మూడు దగ్గర ఆగాడు. ఈ బిళ్ల ఇంతకు మించి పోదు, ఇక్కడ ఆపితే పదేళ్లు నడుస్తుంది అన్నాడు.

అప్పుడు తెలిసింది, చక్రధరరావు ఐదు పాయింట్ నాలుగు సాధించామని అంతకు రెండు రోజుల ముందే పైకి రాసేశాడని. పక్క జిల్లావాళ్లు ఐదు పాయింట్ మూడు అని రాశారట.

“నివేదించిన సంఖ్య వాస్తవం, మస్తాన్ గారూ. కంప్యూటర్ ఇంకా వాస్తవానికి చేరుకోలేదు. చేర్చవలసిన బాధ్యత మనది” అన్నాడు.

ఒక మెట్టు దిగడానికైనా వీల్లేదన్నాడు. దాన్ని తిరోగమనం అంటారు. తిరోగమనానికి ముగ్గురు సభ్యుల సంఘం వేయాలి. సంఘం తన నివేదికను ధ్రువీకరణ పొందిన కంప్యూటర్ మీదే టైపు చేయాలి. ధ్రువీకరణ పొందిన కంప్యూటర్ జిల్లాలో ఇంకా ఒక్కటీ లేదు.

నేను అడిగాను, సరోజినమ్మ నా కాగితం చేత్తో రాసి ఇవ్వకూడదా అని.

“చేతిరాత వేగం ఎన్ని గిగాహెర్ట్జ్‌లు, మద్దిలేటి గారూ?”

నాకు తెలియదన్నాను.

“తెలియని వేగంతో ప్రభుత్వాన్ని నడపమంటారా?”

మస్తాన్ కరెంటు పెంచి, పెంచి, ఐదు పాయింట్ నాలుగు పెట్టాడు. మూడు నిమిషాలకు కంప్యూటర్ పడిపోయి తెర నీలంగా మారింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ నీలం. చక్రధరరావు దీనికొక రిజిస్టరు తెరిపించాడు. సరోజినమ్మకు అదే ఉద్యోగమైంది. తేదీ, సమయం, తెర స్వభావం అని మూడు గడులు. మూడో గడిలో ప్రతిసారీ ‘నీలం’ అని రాసి పొట్టి సంతకం పెట్టేది. ఎనిమిదో రోజుకు రిజిస్టరు నిండింది. కొత్త రిజిస్టరు కోసం రాశారు. అది మాత్రం మరునాడే వచ్చింది.

బిళ్ల కాలుతోందని మస్తాన్ చెప్పాడు. గది చల్లగా ఉండాలి. జిల్లా ఆస్పత్రిలో చల్లగా ఉన్నది గుండె రోగుల వార్డు, అంటే నాలుగోది. తొమ్మిదో రోజు వచ్చి అక్కడి ఏసీ విప్పుకుపోయారు. ‘ప్రజాప్రయోజనార్థం తాత్కాలిక బదిలీ’ అని గోడకున్న బొక్క మీద కాగితం అంటించారు. నేను ఎక్స్‌రే కవరుతో సుంకులమ్మకు విసిరేవాణ్ణి. ఆమె ఆ కాగితం చదవమంది. చదివాను.

“ఏసీకి కూడా బదిలీ కాగితం ఇచ్చినారే. మనకే ఇయ్యలేదు” అంది.

ఏసీ పెట్టాక కంప్యూటర్ పావుగంట నిలబడింది. చాలలేదు. పన్నెండో రోజు చక్రధరరావు ఒక శాస్త్రీయమైన సంగతి కనిపెట్టాడు. ఒక్కో మనిషి ఒంట్లోంచి వంద వాట్ల దాకా వేడి వస్తుంది. వరండాలో రోజూ నలభైమంది దరఖాస్తుదారులు నిలబడుతున్నారు. అంటే నాలుగు వేల వాట్లు. జిల్లా ప్రగతికి అడ్డు దరఖాస్తుదారులేనని తేలింది. వాళ్లను గేటు బయట, రోడ్డుకు అవతల నిలబెట్టారు. అక్కడ ఎండ. ఎవరైనా అడగడానికి గదిలోకి రావాలంటే ఒక్కొక్కరే, మాట్లాడకుండా రావాలి. మాట్లాడితే ఇంకాస్త వేడి పుడుతుందట. మోటార్ల పనివాడిగా చెబుతున్నాను, ఆ లెక్క తప్పు కాదు. తప్పు లెక్కలో లేదు.

పదమూడో రోజు పెద్ద సమావేశం పెట్టారు. ఆస్పత్రి మొత్తంలో అన్నిటికన్నా చల్లని చోటు ఏది అన్న ప్రశ్నకు అందరూ ఒకే జవాబు రాశారు. మార్చురీ. శవాలను భద్రపరిచే చల్లగది. కంప్యూటర్‌ను అక్కడికి మార్చాలని తీర్మానించారు. శవాలను పాత స్టోర్‌రూముకు మార్చాలన్నారు. నిబంధన ప్రకారం మార్చురీ తలుపుకు నోటీసు అంటించి, ప్రస్తుతం అక్కడున్నవారి నుంచి అభ్యంతరాలు ఆహ్వానించారు. మూడు రోజుల గడువులో ఒక్క అభ్యంతరమూ రాలేదు. ఇంత సాఫీగా సాగిన ప్రజాభిప్రాయ సేకరణ జిల్లా చరిత్రలో లేదని చక్రధరరావు పత్రికలవాళ్లకు చెప్పాడు.

మస్తాన్ ఒక్కడే అడ్డుచెప్పాడు. చల్లగదిలోంచి బయటికి తీసినప్పుడు తడి పడుతుంది, మొత్తం కాలిపోతుంది అన్నాడు. బయటికి తీసే ప్రతిపాదన ప్రస్తుతం లేదని జవాబు వచ్చింది. అతను ప్లాస్టిక్ కవర్లు చుట్టి, లోపల తేమ పీల్చే పొట్లాలు పెట్టి, తన వంతు చేశాడు.

పదహారో రోజు మార్చురీలో కంప్యూటర్ ఐదు పాయింట్ నాలుగు దగ్గర నిలబడింది. చప్పట్లు కొట్టారు. స్థిరత్వ పరీక్ష మొదలైంది. పరీక్ష అంటే కంప్యూటర్ ఎవరికీ అక్కర్లేని పెద్ద పెద్ద లెక్కలు ఆపకుండా చేస్తుంది. చేసిన లెక్కను చెరిపేస్తుంది. మళ్లీ చేస్తుంది. అట్లా డెబ్బై రెండు గంటలు. సాయంత్రం నాలుగింటికి ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి పెట్టారు. పొద్దున ఆరింటికి ఆగిపోయింది. మళ్లీ పెట్టారు. సాయంత్రం నాలుగు. రెండున్నర రోజులు ఇదే వరస. మస్తాన్ బిళ్లను, తీగలను, అన్నిటినీ చూశాడు. అతనికి అంతుపట్టలేదు.

నాకు పట్టింది. నీళ్ల పంపు పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి వేస్తారు. వేసినప్పుడల్లా మార్చురీ వరండాలో బల్బు మసకబారుతోంది. పంపు గదికి పోయి మోటారు చప్పుడు విన్నాను. బేరింగులు పట్టేశాయి. తిరగడం మొదలుపెట్టేటప్పుడు లైన్లో ఉన్న కరెంటంతా గుంజుతోంది. ఆ దెబ్బకు కంప్యూటర్ పడిపోతోంది. బేరింగులు మారిస్తే చాలు, నాలుగు గంటల పని, నేనే చేస్తాను అన్నాను.

చక్రధరరావు చాలా సంతోషించాడు. మారుస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు.

“మోటారును ముట్టుకోవడం ఇంజినీరింగ్ శాఖ పరిధి, మద్దిలేటి గారూ. ముట్టుకోకుండా ఉండడం మా పరిధిలోకి వస్తుంది.”

అంటే డెబ్బై రెండు గంటలు ఆస్పత్రిలో పంపు వెయ్యకూడదు. ఎవరూ వెయ్యకుండా స్విచ్ దగ్గర మనిషి కూర్చోవాలి. మోటార్ల సంగతి తెలిసినవాడైతే మేలు. దరఖాస్తుదారుల్లోంచే ఒకర్ని తీసుకుంటే ప్రజల భాగస్వామ్యం కూడా ఉంటుంది. చొక్కాకు ఒక బిళ్ల గుచ్చాడు. ‘స్థిరత్వ పరిరక్షకుడు’ అని ఉంది. నేను గుచ్చనిచ్చాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. పరీక్ష అయితే మొదటి కాగితం నాదే అన్నారు. డాక్టరు చెప్పిన మూడు వారాల్లో ఇంకా మూడు రోజులున్నాయి. మూడు రోజులంటే డెబ్బై రెండు గంటలు. లెక్క సరిపోయిందని కూర్చున్నాను.

కూర్చునే ముందు వార్డుకు పోయి సుంకులమ్మకు చెప్పాను. ఆమె చొక్కా మీది బిళ్లను పట్టుకుని చూసింది. ఆమెకు చదువు రాదు.

“ఏమయ్యా, నౌకరీ ఇచ్చినారా?”

“మూడు దినాల నౌకరీ.”

“జీతమెంత?”

“నీ కాగితం.”

నవ్వింది. నవ్వితే ఆయాసమొచ్చింది. ఆయాసం తగ్గాక, “అట్లయితే సరింగా చెయ్. నడుమల వదిలేసి నా దగ్గరికి రాకు. మళ్లా మొదట్నుంచి అంటారు వాళ్లు” అంది.

పంతొమ్మిదో రోజు పొద్దున పదకొండింటికి పరీక్ష మొదలైంది.

మొదటి రోజు గడిచింది. రెండో రోజుకు ఆస్పత్రి కుళాయిలన్నీ ఎండిపోయాయి. ట్యాంకరు ఒకటి తెప్పించారు, అది ఆఫీసుల వైపు నిలబడింది. జనం బకెట్లు పట్టుకుని పంపు గదికి వచ్చారు. నేను తలుపుకు అడ్డంగా కూర్చున్నాను. తిట్టారు. ఒకతను చొక్కా పట్టుకున్నాడు. నేను బిళ్ల చూపించాను. ప్రసూతి వార్డు నుంచి ఒకామె వచ్చింది, కూతురు కనిందట, పసిగుడ్డుకు ఇంకా నీళ్లు పొయ్యలేదట. ఆమె తిట్టలేదు.

“నీకు పెండ్లాం లేదాప్పా?” అని అడిగింది.

“ఉంది. నాలుగో వార్డులో” అన్నాను.

ఆమె ఖాళీ బకెట్ తీసుకుని పోయింది. ఆ మూడు రోజులూ మోటారు తిరగలేదు. నా పని నేను తప్పు లేకుండా చేశాను. తీగలు కట్టడంలో ఎంత శ్రద్ధ పెడతానో అంతే పెట్టాను.

ఇరవై రెండో రోజు పొద్దున తొమ్మిది కావస్తుండగా మస్తాన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. వార్డులో పిలుస్తుండారు, పెద్దాయనా, నువ్వు పో, నేను కూర్చుంటా అన్నాడు. పంపు గది తాళం అతని చేతికిచ్చి పోయాను. వరండా మలుపులో చక్రధరరావు ఎదురయ్యాడు. నా ముఖం చూసి కంగారుపడ్డాడు.

“మద్దిలేటి గారూ, స్విచ్ దగ్గర ఎవరున్నారు?”

మస్తాన్ ఉన్నాడని చెప్పాను. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

నేను పోయేసరికి సుంకులమ్మ ముఖం మీదికి దుప్పటి లాగి ఉంది. నర్సు, పది నిమిషాలయింది తాతా అంది. ఇంకేమన్నా చెప్పిందేమో, నాకు గుర్తులేదు.

స్ట్రెచర్ మీద మార్చురీకి తీసుకుపోయాం. అటెండరు దస్తగిరి తలుపు తెరవలేనన్నాడు. ఇంకా రెండు గంటల పరీక్ష ఉంది, తలుపు తీస్తే చలి పోతుంది. పాత స్టోర్‌రూము నిండిపోయిందట. వరండాలో గోడ వారగా స్ట్రెచర్ నిలిపాం. నేను పక్కన కూర్చున్నాను. దస్తగిరి తన తువ్వాలు తీసి ఆమెకు ఎండ తగలకుండా పట్టుకుని నిలబడ్డాడు. అట్లా రెండు గంటలు నిలబడ్డాడు. ఎవరూ అతన్ని ఆ పనికి నియమించలేదు.

పదకొండింటికి పరీక్ష పూర్తయింది. తలుపులు తీశారు. చప్పట్లు, ఫోటోలు. ధ్రువీకరణ పత్రం చదివారు. రాష్ట్రంలో ఐదు పాయింట్ నాలుగు దగ్గర స్థిరంగా నిలిచిన మొట్టమొదటి ప్రభుత్వ కంప్యూటర్. చక్రధరరావు మొదటి దరఖాస్తు తెరవమన్నాడు. సరోజినమ్మ స్వెటర్ వేసుకుని మార్చురీలో కంప్యూటర్ ముందు కూర్చుంది. పేరు చదివింది. తలుపులోంచి బయటికి చూసింది. నన్ను చూసింది, స్ట్రెచర్‌ను చూసింది.

“సార్, ఈమె చనిపోయింది సార్. వాకిట్లోనే ఉంది.”

చక్రధరరావు మార్గదర్శకాల పుస్తకం తిప్పాడు. రెండుసార్లు తిప్పాడు.

“మరణాన్ని అనర్హతగా ఎక్కడా పేర్కొనలేదమ్మా. కానివ్వండి.”

సరోజినమ్మ ఆరు నిమిషాలు టైపు చేసింది. తప్పులు పడితే దిద్దింది. బటన్ నొక్కింది. సున్నా పాయింట్ ఎనిమిది సెకన్లు. కాగితం బయటికి వచ్చింది. చక్రధరరావు దాన్ని నా చేతిలో పెట్టి, ఫోటో కోసం చేయి వదలకుండా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆమెను లోపలికి తీసుకుపోయారు. కంప్యూటర్ పక్కన చోటుచేశారు.

ఆ సాయంత్రమే ఆమెను ఊరికి తీసుకుపోయాను. మరునాడు బస్సు బోల్తాపడి శవాలు ఎక్కువగా వచ్చాయట. కంప్యూటర్‌ను మార్చురీ బయటికి తెచ్చారు. తడి పట్టింది. స్విచ్ వెయ్యగానే కాలిపోయింది. అందువల్ల ఆ విభాగం వేగవర్ధనలో పరిష్కరించిన దరఖాస్తు ఒక్కటే. సగటు పరిష్కార సమయం సున్నా పాయింట్ ఎనిమిది సెకన్ల దగ్గరే నిలిచింది. జిల్లా ప్రథమ స్థానంలో వచ్చింది. అంతకుముందు గడిచిన ఇరవై రెండు రోజులూ లెక్కలోకి రావట. అది దరఖాస్తు తెరవకముందు కాలం. తెరవని దరఖాస్తుకు ఆలస్యం జరిగే అవకాశం లేదు.

సుంకులమ్మ పెద్దదినం నాడు మా ఇంటి ముందు జీపు ఆగింది. చక్రధరరావు దిగాడు. వెంట కెమెరా మనిషి. చేతిలో శాలువా. దినానికి వచ్చిన బంధువులు ఆయన పరామర్శకు వచ్చాడనుకుని మంచం వాల్చారు. ఆయన పరామర్శించాడు కూడా. తర్వాత సంగతి చెప్పాడు. రాజధానిలో పురస్కార సభ ఉంది. అక్కడ లబ్ధిదారుల మాటలు తెర మీద చూపిస్తారు. మా జిల్లాకు ఉన్న లబ్ధిదారుణ్ణి నేనొక్కణ్ణే.

“మీ అనుభవం పదిమందికి స్ఫూర్తి కావాలి, మద్దిలేటి గారూ. మీ మాటల్లోనే చెప్పండి. క్లుప్తంగా చాలు.”

కెమెరా మనిషి నా చొక్కాకు చిన్న మైకు తగిలించాడు. నా చెల్లెలు లోపలి నుంచి వచ్చి గడపలో నిలబడింది. అందరూ నా వైపే చూస్తున్నారు. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది.

“మా ఆమె కాగితానికి ఎంతసేపు పట్టింది సార్?”

“సున్నా పాయింట్ ఎనిమిది సెకన్లు” అన్నాడు కెమెరాకు వినబడేట్టు.

“నేనూ అంతసేపే మాట్లాడతా” అన్నాను. “అయిపోయింది.”

మైకు విప్పి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఇంకా ఏదో అడిగాడు. ఊళ్లోవాళ్లు అడిగారు, ఆఖరుకు మస్తాన్ కూడా వచ్చి అడిగాడు. ఎవరికీ చెప్పలేదు. ఒక్కసారి రాసిపెట్టాను, ఇదిగో. అడిగేవాళ్లుంటే ఇది చదువుకోవచ్చు. నా నోటి నుంచి దీని గురించి ఇక ఒక్క మాట రాదు.